నీమా అడిగిన ఒడిబియ్యం

కిందటి వారం మనం శామీర్‌పేటలో, నరసింహ ఇంటి హాల్లో, నీమా చెప్పిన ఒక్క మాట దగ్గర ఆగిపోయాం. ఆ సంచిక చేతికందని వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. నీమాది టాంజానియా, మ్వాంజా అనే ఊరు. ఫార్మసీ చదవడానికి వచ్చి, జవహర్‌నగర్ అవతల ఒక కాలేజీలో చేరి, నరసింహ మేడ మీది పెంట్‌హౌస్ గదిలో నాలుగేళ్లు అద్దెకుంది. మధ్యాహ్నాలు నరసింహ తల్లి శివమ్మ పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ తెలుగు నేర్చుకుంది కాబట్టి, ఆ పిల్ల మాట్లాడేది అచ్చంగా శివమ్మ తెలుగే. నరసింహ కూతురు అశ్రిత ఇంగ్లీషు కలిపి మాట్లాడితే నీమాయే సరిదిద్దేది. ఇప్పుడు చదువైపోయింది. ఈ సాయంత్రమే ప్రయాణం.

పోయే పిల్లను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక అశ్రిత తల్లి సుశీల, "ఏం గావాలె బిడ్డా, పట్టుచీరనా, కమ్మలా?" అని అడిగింది. "నాకు ఒడిబియ్యం పొయ్యుండ్రి ఆంటీ," అంది నీమా. శివమ్మ పకపకా నవ్వి, అది పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోసేదని చెప్పింది. "తెలుసవ్వా. నాకు పెండ్లయింది. గందుకే అడుగుతున్న," అంది నీమా. మనం ఆగింది అక్కడే.

శివమ్మ నవ్వడం మానేసింది. సుశీల కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చుంది.

ఆమె అంతగా కంగారు పడటానికి కారణం ఉంది. గది కావాలని వచ్చిన ఆడపిల్లను నరసింహ మొదట అడిగేది పెళ్లయిందా అనే. అంతకుముందు అద్దెకున్న ఒకామె భర్త వారం వారం స్నేహితులను వెంటేసుకొచ్చి మేడ మీద దావత్‌లు చేసి, చివరికి నీళ్ల ట్యాంకులో సీసా పడేసి పోయాడు. అప్పటినుంచి పెళ్లికాని విద్యార్థినులకే గది అని నరసింహ తీర్మానించాడు. నీమా గది అడిగిన రోజు కాలేదనే చెప్పింది. సుశీల ఆ మాట పట్టుకుని నాలుగేళ్లుగా వాడకట్టంతా చాటింది, మా నీమా బంగారం, ఒక్క పోరడు గేటు దాకా రాలే అని.

"అంటే మాకు అబద్ధం జెప్పినవా?" అంది సుశీల.

"చెప్పిన ఆంటీ. తప్పే."

బుకాయిస్తే సుశీల గొంతు పెంచేది. ఇలా ఒప్పుకునేసరికి ఆ అవసరం పోయింది. పైగా సుశీలకు కోపం కంటే పని ముఖ్యం. కోప్పడటం మొదలుపెడితే సాయంత్రం దాకా పడుతుంది, సాయంత్రానికి ఎయిర్‌పోర్టు కారు వచ్చేస్తుంది. ఒడిబియ్యం పోయడమంటే ఆమెకు మహా ఇష్టం, సొంత కూతురికి పోసే రోజు ఇంకా రాలేదు.

"సరే, నీ సంగతి తర్వాత జెప్త. పెండ్లయిన పిల్లను ఇంట్లకెల్లి ఉత్తగ ఎట్ల పంపుతం? ముందుగాల బియ్యం గలపనియ్యి," అంటూ వంటింట్లోకి నడిచింది. నడుస్తూనే పక్కింటి రోజారాణికి ఫోన్ చేసి, ఇంకో ముగ్గురు ముత్తైదువలను తీసుకుని జల్దీ రమ్మంది. రోజారాణి ఈ ఇంటికి ఇప్పుడు ఉత్త పక్కింటి మనిషి కాదు. తన అక్క కొడుకును అశ్రితకు చూసింది ఆమే. రేపు పొద్దున్నే వాళ్లు పిల్లను చూడటానికి వస్తున్నారు.

శివమ్మ మాత్రం ఏమీ అడగలేదు. నీమా ముఖంలోకి ఒకసారి చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, తన గదిలోకి పోయి టీవీ పెట్టుకుంది. ఇంట్లో ఇలాంటి కార్యాలప్పుడు ఆమె ఎప్పుడూ అంతే.

అశ్రిత వచ్చి నీమా చెయ్యి పట్టుకుంది. "పైకి నడువు," అంది.

పైన గదిలో రెండు సూట్‌కేసులు, చుట్టిపెట్టిన పరుపు తప్ప ఇంకేమీ లేవు. పొద్దున ముగ్గురు స్నేహితురాళ్లూ కలిసి ఊరికి సెలవు చెప్పి వచ్చారు. సుచిత్ర సెంటర్లో గాజులు కొన్నారు. కాలేజీకి పోయి వాచ్‌మన్‌తో సహా అందరినీ పలకరించారు. తిరిగొచ్చేటప్పుడు జవహర్‌నగర్ దగ్గర చెత్త గుట్టల వాసనకు మిగతా ఇద్దరూ ముక్కులు మూసుకుంటే నీమా మూసుకోలేదు. "గిది గూడ యాదికుంటది నాకు," అంది. నాలుగేళ్లు ఆ వాసనను తిట్టిన మనిషే.

మూడో స్నేహితురాలు తేజస్వి, శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరే విడిపోయింది. ఆమెది తుర్కపల్లిలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం, మధ్యాహ్నం షిఫ్టుకు కంపెనీ క్యాబ్ అక్కడికే వస్తుంది. నీమాకు కూడా అదే ల్యాబ్‌లో ఉద్యోగం కుదిర్చిపెట్టింది తేజస్వి. పై అధికారి చుట్టూ తిరిగి, బతిమాలి, వీసా కాగితాలు అన్నీ వాళ్లే చూసుకునేలా ఒప్పించింది. నీమా వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేదు. అందుకని తేజస్వి పొద్దున కావలించుకుంది గానీ ఒక్క మాట మాట్లాడకుండా క్యాబ్ ఎక్కేసింది. స్నేహితురాలు అలా పోవడం నీమాకు చాలా కష్టంగా ఉంది.

అశ్రిత తలుపు వేసింది.

"నా ఫోన్ లాక్ నీకు తెలుసు. అన్వేష్ గాడు నన్ను ఒద్దన్నప్పుడు గీ పరుపు మీదనే పండి ఏడ్సిన. మా అమ్మకు చెప్పనియి అన్ని నీకు చెప్పిన. నువ్వు మాత్రం పెండ్లి దాచిపెట్టినవ్. పెండ్లి, నీమా! చిన్న ముచ్చటనా?"

"నువ్వు కూసో, చెప్త."

"కూసోను. చెప్పు."

"పందొమ్మిదేండ్లకు చేసుకున్న. ఇష్టపడే చేసుకున్న. పేరు బరాకా."

"పిల్లలు?"

నీమా కిటికీ వైపు చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె కళ్లలోకే చూసి చెప్పేది. నిజం చెప్పడమే ఆమెకు కష్టమైంది.

"ఒక బిడ్డ. నీకు తెలుసు దాన్ని. ఒకటి, రెండు, మూడు నువ్వే నేర్పినవ్ ఫోన్‌ల."

అశ్రితకు వెంటనే అర్థమైంది. వీడియో కాల్‌లో ముందు పళ్లు ఊడిన నవ్వుతో 'అశితా' అని పిలిచే పిల్ల, పొద్దున సుచిత్రలో ఎవరి చేతి కొలత కోసం అయితే ఇద్దరూ అరగంట తగువులాడారో ఆ పిల్ల, నీమా చెల్లెలు రెహెమా.

"రెహెమా నీ చెల్లె గాదా?"

"కాదు. నా బిడ్డ."

అశ్రిత అప్పుడు కూర్చుంది.

"గది అడగనీకె వచ్చిననాడు మీ నాయిన పెండ్లయిందా అన్నడు," అంది నీమా. "అప్పటికి నాలుగు ఇండ్లల్ల లేదన్నరు నాకు. అయింది అంటే గిది గూడ పోతదని, కాలేదన్న. ఇగ ఒక్కసారి అన్నంక ఫోన్‌ల కనపడే పిల్ల ఎవరని చెప్పాలె? చెల్లె అన్న. ఇంటికాడ మా అమ్మకు చెప్పి, నన్ను దాదా అని పిలువుమని నేర్పించిన. మా భాషల దాదా అంటే అక్క. అది ఏడాది పిల్లప్పుడు ఇడిసిపెట్టి వచ్చిన, దానికేం తెలుస్తది? నిజంగనే అక్కననుకుంది."

"నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే నువ్వు మీ అమ్మకు చెప్పాలె, లేకుంటే నా తీరుగ మీ అమ్మకు అబద్ధం జెప్పాలె. రెండు నాకు మంచిగనిపించలే."

అశ్రితకు కోపం తగ్గలేదు గానీ ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

"మొన్న ఫోన్‌ల చెప్పిన దానికి," అంది నీమా. "నేను దాదాను గాదు, నీ అమ్మను అని. నవ్వింది. జోక్ చేస్తున్న అనుకుంది. ఇంకో రెండేండ్లు తుర్కపల్లిల పనిజేస్తే నవ్వుడు గూడ ఉండది అశ్రితా. ఇగ నేను అక్కనే అయిపోత. గందుకే తేజస్వి ఉద్యోగం ఒద్దన్న. గీ ముచ్చట దానికి నువ్వు చెప్పు. నాకు ముఖం లేదు."

నీమా ఏడుస్తోంది. ఈ నాలుగేళ్లలో ఆమె ఏడవడం అశ్రిత చూడలేదు. పక్కకు జరిగి భుజం మీద చెయ్యి వేసింది.

"మరి బరాకా ఏం అంటలేడా? బిడ్డను గూడ మీ అమ్మ దగ్గర ఇడిసిపెట్టి..."

"లేడు. రెహెమా కడుపుల ఉన్నప్పుడే లారీ గుద్దింది. బండి మీద పనికి పోతుండె."

కింది నుంచి గాజుల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ముత్తైదువలు వచ్చేశారు. అశ్రిత చెయ్యి నీమా భుజం మీద అలాగే ఉండిపోయింది. అయ్యో పాపం అనుకోవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు, వేరే భయం పట్టుకుంది.

"నీమా, ఒడిబియ్యం గురించి నీకు ఎవరు జెప్పిన్రు?"

"అవ్వ. నీ మేనత్త వచ్చినప్పుడు పోసిన్రు గదా. బియ్యంల పసుపు గలుపుతరు, ఎండు కొబ్బరి కుడకలు, ఖర్జూరపండ్లు, రవికె గుడ్డ పెడ్తరు. ఒడి నిండినంక పిల్ల కొన్ని బియ్యం మళ్ల పుట్టింట్ల పోస్తది, గా ఇల్లు సల్లగుండాలని. పోసిన బిడ్డకు గా ఇంటి తలుపు ఎన్నడు మూయరు అన్నది. పెండ్లయినోళ్లకే పోస్తరని గూడ చెప్పింది." నీమా కళ్లు తుడుచుకుంది. "ఇయ్యాల గీ గది ఖాళీ చేస్తున్న. రేపు ఇంకెవలో వస్తరు. కిరాయికున్న పిల్ల పోయింది అంటరు, అంతే గదా? నేను గట్ల పోవద్దనుకున్న. ఎన్నడన్న రెహెమాను తీస్కొని వస్తే గీ ఇంటికే రావాలె, లాడ్జికి గాదు. గందుకే నిజం జెప్పిన."

అశ్రిత నెమ్మదిగా అంది, "మొగుడు ఉన్నోళ్లకే పోస్తరు నీమా."

నీమాకు అర్థం కాలేదు. అశ్రిత మళ్లీ చెప్పింది. "మొగుడు పోతే పొయ్యరు. అవ్వకు ఎన్నడన్న పోసుడు చూసినవా? బియ్యం పోసేకాడికి అవ్వ వచ్చుడన్న చూసినవా?"

నిజమే. అలాంటప్పుడల్లా శివమ్మ గదిలో టీవీ చూస్తూ ఉండేది. ఆమెకు సీరియళ్లంటే ఇష్టం కాబట్టి అనుకుంది నీమా. శివమ్మ అన్నీ నేర్పింది గానీ, భర్త పోయిన తన సంగతి కాబట్టి ఆ ఒక్కటీ నేర్పలేదు. నీమా దాచిందంతా బయటపెట్టి అడిగింది, తీరా అడిగాక తనకు అర్హత లేదని తెలిసింది.

"ఏం గాదు, విను," అంది అశ్రిత ఆదరాబాదరాగా. "కిందికి పోదాం. ఉన్నడని చెప్పు. మ్వాంజాల ఉన్నడు, బిడ్డను చూసుకుంటున్నడు అను. ఎవరికి తెలుస్తది? సాయంత్రం విమానం ఎక్కుతవ్. నేను సచ్చినా చెప్ప."

"ఒద్దు."

"ఒక్క మాట నీమా!"

"గది కోసం అబద్ధం జెప్పిన. పుట్టింటి కోసం జెప్ప," అంది నీమా. ముఖం కడుక్కుని, సుశీల ఎప్పుడో ఇచ్చిన పసుపుపచ్చ చీర సూట్‌కేసులోంచి తీసింది. అశ్రిత కుచ్చిళ్లు పెట్టింది.

హాల్లో సుశీల పీట వేసి, ముగ్గు పెట్టి, పెద్ద ఇత్తడి పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం సిద్ధం చేసింది. ఆమెకు ఇంత హుషారు వచ్చి చాలా రోజులైంది. వచ్చిన నలుగురికీ నీమా పెళ్లి సంగతి అప్పుడే చెప్పేసింది కూడా. అబద్ధం ఆడిందన్న ముక్క మాత్రం మింగేసి, వాళ్ల దేశంలో చిన్నప్పుడే చేస్తారట అని తానే ఒక కారణం కల్పించింది. నీమా పీట మీద కూర్చుని కొంగు పరిచింది. అశ్రిత పక్కనే నిలబడింది.

"అట్లెట్ల పోస్తం?" అంది రోజారాణి నవ్వుతూ. "మొగని పేరు జెప్పాలె ముందుగాల. చెప్పకుంటే గింజ రాలది."

"అవును, చెప్పాలె," అన్నారు మిగతా వాళ్లు.

"బరాకా," అంది నీమా.

"మంచిగున్నది. ఏం జేస్తడు మరి?"

నీమా తలెత్తి రోజారాణిని కాదు, సుశీలను చూసింది.

"మోటర్లు బాగుజేస్తుండె ఆంటీ. ఇప్పుడు లేడు. చచ్చిపోయి ఐదేండ్లు దాటింది. భర్త లేనోళ్లకు పొయ్యరని నాకు ఇప్పటిదాక తెల్వదు. తెలిస్తే అడగకపోదును. మీరు అడిగిన్రు గనుక చెప్తున్న."

సుశీల అప్పటికే దోసిట్లోకి బియ్యం తీసుకుని ఉంది. తెలియక పోసేస్తే ఎలా ఉండేదో గానీ, తెలిశాక చేతులు ముందుకు పోలేదు. ఒకామె పసుపు కుంకుమల గిన్నె తీసి వెనక్కి పెట్టుకుంది. ఇంకొకామె పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానంటూ చెప్పులు వెతుక్కుంది.

"వదినె," అంది రోజారాణి. నవ్వు పోయింది. "పిల్లను చూస్తే నాకు గూడ పాపమనిపిస్తాంది. ఏదన్న చీర పెట్టు, సంతోషంగ పంపు. గాని గిది జేసేది గాదు. రేపు పొద్దుగాల మావోళ్లు అశ్రితను చూడవస్తున్నరు. ఇయ్యాల గిట్ల జేసిన్రని మా అక్కకు తెలిస్తే నేనేమని జవాబు జెప్పాలె?"

"రాకుంటే రాకపాయె," అంది అశ్రిత. పోయి నీమా పక్కన నేల మీద కూర్చుంది. "అమ్మా, నువ్వు పొయ్యి."

"నీకోసమే గదనే ఆగుతున్న!" అంది సుశీల. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. పోయాలని ఉంది, భయంగానూ ఉంది. నాలుగేళ్లు తన చేతి అన్నం తిన్న పిల్ల ఒకవైపు, కన్న కూతురు ఒకవైపు, ఇద్దరూ ఒకే చోట కూర్చుని తన చేతుల వంకే చూస్తున్నారు. దోసిట్లోని బియ్యం మళ్లీ పళ్లెంలో పోసేసి, పళ్లెం అంచు పట్టుకుంది.

నీమా కొంగు దగ్గరికి తీసుకుంది. "ఒద్దు ఆంటీ. మీరు పరేషాన్ గాకుండ్రి. అశ్రితకు మంచిగ గావాలె. నేను గిట్లనే పోత." లేవడానికి పీట మీద చెయ్యి ఆనించింది.

"కూసో."

శివమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల టీవీ ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఆమె గోడ పట్టుకుంటూ ముత్తైదువల మధ్య నుంచి నడిచి వచ్చింది. రోజారాణి అనుకోకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఈ ఇంట్లో ఏ కార్యం జరిగినా ఆమె ముగ్గు దాకా రావడం చూసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"కొంగు సాపు బిడ్డా," అంది నీమాతో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "పళ్లెం ఇటు దే సుశీలా."

"అత్తమ్మా, మీరు గీ బియ్యం ముట్టొద్దు గదా?"

"ఎవలన్నరు?"

"మీరే అన్నరు," అంది సుశీల భయం భయంగా. "నా పెండ్లయిన కొత్తల మా అమ్మోళ్లు ఒడిబియ్యం తెచ్చినప్పుడు, మీరు లోపట్కి పోయి తలుపేసుకున్నరు. పిలువనీకె వస్తే, నా అసొంటిది రావద్దు, ముట్టొద్దు అని మీరే చెప్పిన్రు."

"అన్న. నేనే అన్న," అంది శివమ్మ. "ఇగ నేనే పోస్త."

ఆమె వంగి పళ్లెం అంచు రెండు చేతులతో పట్టుకుంది. అవతలి అంచు సుశీల ఇంకా వదల్లేదు.